తెలుగు అపరాధ పరిశోధక నవల: రచయిత కష్టనష్టములు

దొంగను పట్టుకొను కథలయందు మన జాతికి గల మక్కువ నిన్న మొన్నటిది కాదు. అరుగులమీద పెద్దలు చెప్పిన మర్యాదరామన్న తీర్పులలో సగము అపరాధ పరిశోధనమే. సాక్షి లేని దొంగతనము, మాట మార్చిన నేరస్థుడు, యుక్తితో నిజమును రాబట్టిన న్యాయాధికారి, ఈ మూడును అందు కలవు. అట్టి కథలను మెచ్చిన ప్రజ, అచ్చుపుస్తకముల కాలము వచ్చిన పిదప అపరాధ పరిశోధక నవలను ఆదరించుట వింత కాదు. అంత ఆదరముతో చదివియు, దానిని వ్రాసినవానిని ఇంచుమించుగా మఱచిపోవుటయే వింత. ప్రతిఫలము, హక్కు, గౌరవము, గ్రంథరక్షణము, ఈ నాలుగింటను ఆ రచయితకు లోటు జరిగినది. ఆ లోటు ఎట్లు ఏర్పడినదో పరిశీలించుట సాహిత్యచరిత్రకు మాత్రమే కాక, మన ప్రచురణ వ్యాపార చరిత్రకును అవసరము.

ఈ ప్రక్రియకు పాశ్చాత్యదేశములలో 1841లో ఎడ్గార్ ఆలెన్ పో వ్రాసిన కథతో నాంది పలికినట్లు విమర్శకులు చెప్పుదురు. మనదేశమున దీనికి తొలి పుట్టినిల్లు వంగదేశము. కలకత్తా పోలీసు శాఖలో దారోగాగా పనిచేసిన ప్రియనాథ ముఖోపాధ్యాయుడు తన అనుభవములను 'దారోగార్ దప్తర్' అను పేర 1890 తరువాతి సంవత్సరములలో వరుస సంచికలుగా వెలువరించెను. ఆ వెనుక పాంచకడీ దేవ్ నవలలు వంగదేశమంతటను వ్యాపించెను. హిందీలో గోపాలరామ్ గహమరీ 1900లో 'జాసూస్' అను పత్రికనే ఈ కథలకై స్థాపించెను. ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు, వర్తకులు, ఎవరి భాషలో వారు ఈ పుస్తకములను ఎదురుచూచి కొనిరి.

తెలుగున నవల గౌరవముతోనే పుట్టినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో పత్రికలో వెలువడ నారంభించెను. 1893 ప్రాంతమున 'చింతామణి' పత్రిక నవలలకు బహుమానములు పెట్టగా చిలకమర్తి లక్ష్మీనరసింహముగారివంటివారు పోటీలలో గెలిచి పేరొందిరి. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చారిత్రక నవలను ప్రోత్సహించెను. సంఘసంస్కారము, స్వదేశచరిత్రము అను రెండు పెద్దదిక్కులు నవలకు దొరకినవి. అపరాధ పరిశోధక నవలకు అట్టి పెద్దదిక్కు లేకపోయెను. అది పెరటిద్వారమున, అనగా అనువాదమార్గమున, తెలుగింట అడుగుపెట్టినది. పాంచకడీ దేవ్ నవలలు తెలుగులోనికి వచ్చి చేతులు మాఱినవి. ఇరువదవ శతాబ్ది రెండవ దశాబ్దిలో దేవరాజు వేంకటకృష్ణారావుగారు 'వాడే వీడు' వ్రాసి తెలుగువాడును ఈ విద్యలో తీసిపోడని చూపిరి. అయినను పండితులు దానిని కాలక్షేపపు సరకుగానే ఎంచిరి. పుట్టుకనాడు పడిన ఆ ముద్ర తరువాతి తరములవారిని కూడ వదలలేదు.

ఆ సరకును అమ్మిన తీరును గమనింపవలెను. రాజమహేంద్రవరము, బెజవాడ, మదరాసు ప్రచురణకర్తలకు రైలుమార్గము గొప్ప వరమయ్యెను. దక్షిణదేశపు స్టేషనులలో హిగిన్‌బాదమ్సువారి దుకాణములు, ఉత్తరాదిన వీలరు కంపెనీవారి దుకాణములు ప్రయాణికునికి పుస్తకమును చేతికందించెను. తెలుగుదేశమున ఈ రైలుబడి చదువునకు పెట్టినది పేరు కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు. ఆయన వ్రాసినవి సాంఘిక నవలలేగాని అపరాధ పరిశోధకములు కావు. వేయికి పైగా నవలలు వ్రాసెనని ప్రసిద్ధి. చౌకవెల, చిన్న పరిమాణము, నెలనెలకు క్రొత్త పుస్తకము అను పద్ధతి ఆయన కాలముననే స్థిరపడినది. పిదప వచ్చిన అపరాధ నవల ఆ పద్ధతినే అనుసరించినది.

ఈ పద్ధతిలో రచయిత స్థానమెట్టిదో చూతము. ప్రచురణకర్త మొదట కాగితము కొనవలెను. అచ్చుకూటమువారికి ఫారముల లెక్కన కూలి చెల్లింపవలెను. ముఖచిత్రమునకు చిత్రకారునికి, కుట్టుటకు బైండరుకు సొమ్మీయవలెను. పుస్తకము తయారైన పిమ్మట విక్రేతకు నూటికి పాతికకు తగ్గని కమీషను వదలుకొనవలెను. వి.పి.పి.లో పంపిన కట్ట తిరిగివచ్చినచో రానుపోను తపాలాఖర్చు తానే భరింపవలెను. వేయి ప్రతులు అచ్చువేయుట తెలుగున చిరకాలపు పరిపాటి. ఈ ఖర్చులలో కాగితపు వర్తకుడు తగ్గింపడు, తపాలాశాఖ అసలే తగ్గింపదు. తగ్గింపునకు లొంగువాడు ఒక్క రచయితయే. కావున చౌక నవలకు మొత్తముగా ఒక్కసారి కొంత సొమ్మిచ్చి సర్వహక్కులను వ్రాయించుకొనుట ఆచారమయ్యెను. పుస్తకము అమ్ముడుపోనిచో నష్టము ప్రచురణకర్తది. పది ముద్రణలు పొందినచో లాభము కూడ ప్రచురణకర్తదే.

ఇందు ప్రచురణకర్తను మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఆయనయు అప్పుతో నడచిన చిన్న వర్తకుడే, నాలుగు పుస్తకములు దెబ్బతిన్నచో దుకాణము మూతపడును. అయినను నష్టభయమును తాను మోయుచున్నానను వాదము మొదటి ముద్రణకే చెల్లును. రెండవ ముద్రణనాటికి పాఠకుల ఆదరము ఋజువైనది, భయము తీరినది. ఆ ఘడియలో రచయితకు పాలు పంచనక్కఱ లేకుండుట వ్యాపారధర్మమునకు సరిపోవచ్చును గాని న్యాయమునకు సరిపోదు.

ఈ బాధ తెలుగువారికే ప్రత్యేకమైనదనుకొనరాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరమున ఫెర్గస్ హ్యూమ్ అను యువకుడు ఒక న్యాయవాది కచేరీలో గుమాస్తాగా ఉండెను. నాటకకర్త కావలెనని అతని కోరిక. అతని నాటకములను ఎవరును చూడరైరి. ఏ పుస్తకము మిక్కిలి అమ్ముడగుచున్నదని అతడొక పుస్తకవిక్రేత నడుగగా, ఫ్రెంచి రచయిత గబోరియో అపరాధ నవలలని సమాధానము వచ్చెను. అతడు వానిని చదివి, తన నగరమునే రంగముగా చేసికొని ఒక నవల వ్రాసెను. వలసదేశపువాడు వ్రాసినది ఎవరు చదువుదురని ప్రచురణకర్తలు త్రోసిపుచ్చిరి. 1886లో హ్యూమ్ తన సొమ్ముతోనే 'హాన్సమ్ బండి రహస్యము' అను ఆ పుస్తకమును అచ్చువేయించెను. అది వేగముగా అమ్ముడుపోయెను. ఆ ఉత్సాహములో అతడు సర్వహక్కులను 50 పౌనులకు అమ్మివేసెను. మఱుసటి సంవత్సరము లండనులో అది లక్షలకొలది ప్రతులు చెల్లినది. హ్యూమునకు అదనముగా ఒక్క కాసు రాలేదు. 1932లో మరణించువఱకు అతడు నూటికి పైగా నవలలు వ్రాసెను. ఏదియు ఆ మొదటిదానికి సాటిరాలేదు.

అదే సంవత్సరమున ఇంగ్లండులో ఆర్థర్ కానన్ డాయిల్ అను వైద్యుడు తన తొలి షెర్లాక్ హోమ్సు నవలను పట్టుకొని తిరుగుచుండెను. కొందఱు చదువకయే త్రిప్పిపంపిరి. తుదకు వార్డ్ లాక్ కంపెనీవారు 25 పౌనులకు సర్వహక్కులు కోరిరి. అమ్మకములో పాలు కావలెనని డాయిల్ అడిగెను. వారు ఒప్పుకొనలేదు. ఆయన లొంగిపోయెను. 1887లో అది ఒక క్రిస్మసు వార్షికసంచికలో వెలువడెను. అయితే డాయిల్‌కు తరువాత మాసపత్రికలు దొరకినవి. కథకింత అని ధర తానే నిర్ణయింపగల స్థితికి ఆయన ఎదిగెను. హ్యూమునకు ఆ మెట్టు దొరకలేదు. ఒకే తప్పుడు బేరముతో బయలుదేరిన ఇద్దఱిలో ఒకరు గట్టెక్కిరి, ఒకరు మునిగిరి. భేదము ప్రతిభలో కొంత ఉండవచ్చును. కాని రచయితతో మరల మరల బేరమాడుకొనవలసిన పత్రికాలోకము అందుబాటులో నుండుట అంతకన్న పెద్ద కారణము.

తెలుగు అపరాధ నవలకు నిజమైన వైభవము స్వాతంత్ర్యానంతరమున వచ్చినది. 1957 ప్రాంతమున కొమ్మూరి సాంబశివరావుగారి 'చావు కేక' వెలువడెను. మదరాసులో నివసించు డిటెక్టివు యుగంధర్, ఆతని సహాయకుడు రాజు, పోలీసు ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు, ఈ మువ్వురును తెలుగిండ్లలో బంధువులవలె పరిచితులైరి. అంతకుమున్ను అనువాదములలో నుండిన పరాయి వాసన వీరితో తొలగిపోయెను. మదరాసు వీథులు, తెలుగు కుటుంబములు, మన ఆస్తితగాదాలు కథకు ఆధారములయ్యెను. 'ఉరితాడు', 'లక్షాధికారి హత్య', 'మతిపోయిన మనిషి' మొదలగు నవలలు చేతులు మాఱి మాఱి అట్టలూడిపోయినవి. వాక్యము పొట్టిది, సంభాషణము చుఱుకైనది, ప్రకరణము కడపట ప్రశ్న నిలుచును. కూడబలుకుకొని చదువువాడు సైతము ఆ ప్రశ్నకు లొంగి పుట త్రిప్పును. పాఠశాల విడిచినపిదప అక్షరము మఱచిపోకుండ ఎందఱనో కాపాడినది ఇట్టి పుస్తకమే.

కొమ్మూరివారి ప్రక్కన టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ మున్నగువారును పాఠకుల ఆదరము పొందిరి. వీరి వెనుక, రెండు మూడు నవలలతో మాయమైపోయిన రచయితలు మఱెందఱో కలరు. వారి పేరు ముఖచిత్రముమీద తుపాకి బొమ్మకన్న చిన్న అక్షరములలో నుండెడిది. పాఠకుడు కొన్నది తుపాకినిగాని పేరును కాదని వ్యాపారి లెక్క.

చదువరులు అంత విరివిగా నున్నను రచయితకు ఫలమేల దక్కలేదు? దీనికి మొదటి కారణము కొనువారి కొఱత. 1961 జనాభా లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశ్ జనసంఖ్య మూడుకోట్ల అఱువది లక్షలు. అక్షరాస్యులు నూటికి 21 మంది. అనగా అక్షరములు వచ్చినవారందఱును కలసి 76 లక్షలు. తెలుగు మాటాడువారందఱును తెలుగు చదువువారు కారు. రాష్ట్రపు ఎల్లలు దాటినచో ఈ వ్యత్యాసము మఱింత పెరుగును. దక్షిణ బస్తరున బాసగూడ పరిసరములలో తెలుగు పలుకు వినబడును. కాని ఆ రాష్ట్రమున బడిచదువు హిందీలో సాగును. అచటి బాలుడు తెలుగున కథ వినగలడుగాని తెలుగు నవలను చదువజాలడు. ఒడిస్సా, మహారాష్ట్ర సరిహద్దులలోను తెలుగు కుటుంబములకు ఈ చిక్కు కలదు. భాష వ్యాపించినంత మేర పుస్తకము వ్యాపింపదు.

రెండవ కారణము అద్దె పుస్తకముల దుకాణము. 1960 మొదలు రెండు దశాబ్దుల కాలము తెలుగు పట్టణములలో ఇది వీథివీథిన వెలసినది. దినమునకు కొన్ని పైసలిచ్చి నవలను తెచ్చుకొనుట మధ్యతరగతి కుటుంబములకు అలవాటయ్యెను. అపరాధ నవలను రెండవసారి చదువువారు తక్కువ. హంతకుడెవరో తెలిసినపిదప దానిని దాచుకొనరు. కావున కొనుటకన్న అద్దెకు తెచ్చుకొనుటకే అది తగియున్నది. ఒక్క ప్రతిని నూఱుమంది చదివినను ప్రచురణకర్తకు ఒక్క ప్రతి వెలయే. రచయితకు అదియును లేదు. డెన్మార్కు దేశము 1946లోనే గ్రంథాలయములలో ఎరువు తీసికొను పుస్తకములకుగాను రచయితలకు పరిహారమిచ్చు ఏర్పాటు చేసెను. బ్రిటనులో 1979లో అట్టి శాసనము వచ్చినది. మనదేశమున అట్టి విధానము నేటికిని లేదు. అందఱును చదివిన రచయిత బీదవాడుగా నుండుటకు ఇంతకన్న స్పష్టమైన కారణము అక్కఱలేదు.

చట్టము మాటయేమి? 1957 కాపీరైటు చట్టము రచయిత హక్కు బదలాయింపు వ్రాతపూర్వకముగా నుండవలెనని విధించినది. కాలపరిమితి వ్రాయనిచో అయిదు సంవత్సరములే అని తరువాతి సవరణ నిర్ణయించినది. రచయిత మరణానంతరము హక్కు 50 ఏండ్లు నిలుచునని తొలుత ఉండగా 1992లో దానిని 60 ఏండ్లకు పెంచిరి. ఇవి యన్నియు మంచి నిబంధనలే. అయితే హక్కు నిలువవలెనన్నచో కాగితము నిలువవలెను. ముప్పది ఏండ్ల క్రిందటి రసీదు ఎవరి పెట్టెలో నున్నదో తెలియని చిన్న రచయితకు, అతని వారసులకు, చట్టము అందని మామిడిపండే.

గౌరవము విషయమున జరిగిన లోటు సొమ్ములోటుకన్న నొప్పి కలిగించునది. కేంద్ర సాహిత్య అకాడమీ 1954లో ఏర్పడినది. తెలుగున తొలి పురస్కారము 1955లో సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు లభించెను. అప్పటినుండి ఒక్క తెలుగు అపరాధ నవలకైనను ఆ పురస్కారము దక్కలేదు. కొమ్మూరి సాంబశివరావుగారు చలముగారి తమ్ముని కుమారులు. పెదతండ్రిని గూర్చి గ్రంథములు గ్రంథములుగా విమర్శ వెలసినది. తమ్ముని కుమారునికి సాహిత్యచరిత్రలలో ఒక వాక్యము దొరకుట కష్టము. ఇరువురి సాహిత్యము ఒక తూనికకు వచ్చునని చెప్పుట ఉద్దేశము కాదు. చదివించు శక్తిని తూచుటకు మన విమర్శకులయొద్ద రాళ్లే లేకపోయెనని మాత్రము చెప్పక తప్పదు.

మఱియొక ఉదాహరణము మిక్కిలి విచిత్రమైనది. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యము' సంపుటములు రచించిన ఆరుద్రగారే 'పలకల వెండిగ్లాసు', 'ఆనకట్టమీద హత్య' వంటి అపరాధ పరిశోధక నవలలు వ్రాసిరి. శాసనములను, తాళపత్రములను పరిశీలించి కవి కాలమును నిర్ణయించు బుద్ధియే, ఆధారములను పరిశీలించి హంతకుని నిర్ణయించు బుద్ధి. ఆయనకు 1987లో అకాడమీ పురస్కారము 'గురజాడ గురుపీఠము'నకు వచ్చెను. ఆరుద్రగారి కృతులను తలచువారు 'త్వమేవాహము'ను, సాహిత్యచరిత్రను తలతురు. వెండిగ్లాసును తలచుట అరుదు. అంతటివాని అపరాధ నవలలకే ఈ గతి యైనప్పుడు కేవలము అపరాధ నవలలే వ్రాసి బ్రదికినవాని మాట చెప్పనేల?

వంగదేశమున ఇట్లు జరుగలేదు. శరదిందు వంద్యోపాధ్యాయుడు 1932లో వ్యోమకేశుని సృష్టించెను. ఆయన చారిత్రక నవలలను చదివినవారే అపరాధ కథలను కూడ ఆదరించి గ్రంథావళిలో నిలుపుకొనిరి. సత్యజిత్ రాయ్ 1965లో ఫెలూదాను ప్రవేశపెట్టెను. హిందీలో సురేంద్రమోహన్ పాఠక్ ప్రభుత్వరంగములోని టెలిఫోను పరిశ్రమలో ఉద్యోగము చేయుచునే వందలకొలది నవలలు వ్రాసెను. దీర్ఘకాలము చౌక కాగితముమీద వెలువడిన ఆయన రచనలను పెద్ద ప్రచురణ సంస్థలు తరువాత ఆహ్వానించెను. ఉద్యోగులు రచన చేయుటకు ప్రభుత్వ నియమములు అడ్డుగోడలు కావు. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి కేవల సాహిత్యరచనకు ముందుగా అనుమతి కోరనక్కఱలేదనుచున్నది. జీతమున్నవాడు ప్రచురణకర్తకు తలయొగ్గనక్కఱ లేకుండెను. కలముమీదనే బ్రదికినవానికి ఆ ధైర్యము లేదు.

ఇంతలో కాలము మాఱినది. ఎమెస్కోవంటి సంస్థలు జేబు పుస్తకములను ఇంటింటికి చేర్చెను. వార, మాసపత్రికలలో ధారావాహికలు ప్రబలెను. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' మొదలుకొని రచయిత్రుల సాంఘిక నవలలు గృహిణులను ఆకర్షించెను. 1980 ప్రాంతమున యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళము' ఉత్కంఠను వారపత్రికలోనికే తెచ్చెను. అపరాధ నవలాకారుని సొత్తైన ఉత్కంఠ ఇప్పుడు అందఱి సొత్తయ్యెను. పత్రికలో తావు దొరకిన రచయితకు పేరును, సొమ్మును వచ్చెను. అద్దెదుకాణమునే నమ్ముకొన్న రచయిత వెనుకబడెను. పిదప దూరదర్శనము ఇంటింట వెలసెను. అద్దెదుకాణము మూతపడినది. కొమ్మూరివారు 1994లో కీర్తిశేషులైరి.

తుదిలోటు గ్రంథరక్షణమున జరిగినది. 1954లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము ప్రతి ప్రచురణకర్తయు తన పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా మొదలగు గ్రంథాలయములకును పంపవలెను. చిన్న ప్రచురణకర్తలు ఈ విధిని తఱుచుగా ఉపేక్షించిరి. ఊరి గ్రంథాలయములు అపరాధ నవలలను కొన్నను, చినిగిన పిదప క్రొత్త ప్రతి తెచ్చుట లేదు. చౌక కాగితము ఆమ్లగుణముచే పసుపువారి, మడచినచోట విఱుగును. వేల ప్రతులు అచ్చైన పుస్తకమునకు నేడు ఒక్క ప్రతి దొరకుట దుర్లభమగుచున్నది. తాళపత్రములలో మగ్గిన కావ్యమును వెదకి తెచ్చిన జాతి, అఱువది ఏండ్ల క్రిందటి అచ్చు పుస్తకమును పోగొట్టుకొనుట సిగ్గుపడవలసిన సంగతి.

నష్టము నవలలకే పరిమితము కాదు. 1960 నాటి మదరాసు తెలుగువారు ఎట్లు మాటాడిరి, ఏ ట్రాములు పోయి ఏ బస్సులు వచ్చెను, లాడ్జి గుమాస్తా వచ్చినవానిని ఏమని పలుకరించెను, కుటుంబములలో ఆస్తికై ఎట్టి కుట్రలు జరుగునని జనులు భయపడిరి, ఇవి పండితగ్రంథములలో దొరకవు. హంతకుని వెదకు త్రోవలో రచయిత అనుకొనకయే వ్రాసిపెట్టిన సంగతులివి. రేపటి చరిత్రకారునికి ఇవి సాక్ష్యములు. సాక్ష్యము నశించిన కేసును యుగంధరు కూడ తేల్చజాలడు.

ఈ స్థితిలో స్వదేశమునకు దూరముగా నున్న తెలుగు ఉద్యోగుల సంఘములు చేయదగినది కొంత కలదు. బదిలీలమీద ఊరూరు తిరిగిన కుటుంబముల పెట్టెలలో ఇట్టి పుస్తకములు ఇంకను మిగిలియుండును. వానిని పాతకాగితములవానికి తూకమున వేయక, సంఘపు గ్రంథాలయమున చేర్చి, రచయిత పేరు, ప్రచురణ సంవత్సరము, అచ్చుకూటము వివరములతో ఒక పట్టిక వ్రాయించుట పెద్ద వ్యయమైన పని కాదు. ప్రతిబింబములు తీయించి భద్రపఱచుట నేడు సులభము. హక్కుదారులు జీవించియున్నచోట వారి అనుమతి పొంది, వారి పాలు వారికిచ్చి పునర్ముద్రించుట ధర్మము. ఆనాడు రచయితకు న్యాయము చేయలేకపోతిమి. అతని పేరునైనను పుస్తకముపై చదువ వీలుగా మిగుల్చుట నేటి పాఠకుల చేతిలోనున్నది.